పెదనాన్న వైరింగు, నా ఇంటర్నెట్టు

మా ఆవిడకు గోరిమేడు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం రావడంతో మేము పుదుచ్చేరి వచ్చాం. నేను పిల్లల పాఠ్యపుస్తకాలు తయారు చేసే ఒక కంపెనీలో ఎడిటింగ్ పని చేస్తాను. కంపెనీ హైదరాబాదులో ఉంది. నేను ఏ ఊళ్లో కూర్చున్నా వాళ్లకు అభ్యంతరం లేదు. రోజూ పదింటికి వీడియో మీటింగులో ముఖం చూపించి, సాయంత్రానికి పాఠాలు సరిచూసి పంపితే చాలు. అందుకని ఇల్లు వెతికేటప్పుడు నేను అడిగింది ఒక్కటే, తలుపు వేసుకుని కూర్చోవడానికి నాకంటూ ఒక గది.

సారం అనే పేటలో అలాంటి గది ఉన్న ఇల్లు దొరికింది. కింద మేము, పైన ఇంటివాళ్లు. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లు, తరాల కిందట ఇక్కడ స్థిరపడిపోయిన తెలుగు కుటుంబం. ఆయన పూర్వీకులు వ్యాపారం మీద వచ్చారట. ఆవిడ పుట్టిల్లు బాహూరు వైపు, వ్యవసాయం. నాది ఒంగోలు పక్క అని చెప్పగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "నన్ను పెద్దమ్మా అని పిలు నాయినా. ఆయన్ని నీకెట్ల తోస్తే అట్ల పిలు" అని అక్కడికక్కడే చుట్టరికం కలిపేసింది. నేను ఆయన్ను పెదనాన్నా అన్నాను. దానికి ఆయన తలూపారు. ఆయనకున్న పట్టింపులన్నీ గోడల గురించే.

పెదనాన్న సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. ఇల్లు కట్టేటప్పుడు ఎండాకాలం చల్లగా ఉండాలని దగ్గరుండి గోడలు లావుగా లేపించారు. వైరింగు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. సెలవు రోజుల్లో తనే నిచ్చెన ఎక్కి, గోడల్లో పైపులు పెట్టి, తీగలు లాగి, ఒక్క తీగ కూడా బయటికి కనబడకుండా పూత పూయించారు. ఇల్లు మాకు ఇచ్చేటప్పుడు ఆయన షరతు కూడా అదే.

"గోడకు బొక్క పెట్టేదానికి లేదు తంబి. మేకు కూడా వద్దు. లోపల నా వైరు యాడ పోతా ఉండాదో నాకొక్కడికే తెలుసు."

నేను నవ్వుతూ తలూపాను. ఇంటర్నెట్ పెట్టడానికి మనిషి వచ్చిన రోజు ఆ నవ్వు పోయింది. అతను హాలు కిటికీలోంచి కేబులు లోపలికి తెచ్చి, అక్కడే బల్ల మీద పెట్టె పెట్టి, "ఇంకా లోపలికంటే డ్రిల్ చెయ్యాలి సార్" అన్నాడు. మెట్ల మీద నిలబడి చూస్తున్న పెదనాన్న గట్టిగా దగ్గారు. అతను డ్రిల్లు సంచిలో పెట్టేసుకుని వెళ్లిపోయాడు.

నా గది ఇంటికి చివర, పెరటి వైపు ఉంది. హాలుకీ దానికీ మధ్య పడగ్గది, వంటిల్లు, స్నానాలగది, వాటి లావుపాటి గోడలూను. నా గదిలో ల్యాప్‌టాప్ తెరిస్తే వైఫై ఒక గీత కనిపించేది, మీటింగు మొదలవగానే అదీ పోయేది.

మొదట కొన్నాళ్లు హాల్లోనే కూర్చుని పనిచేశాను. అయితే పెరట్లో ఉన్న కరివేపాకు చెట్టుకీ మునగచెట్టుకీ దారి మా హాల్లోంచే. పెద్దమ్మ రోజుకు నాలుగైదు సార్లు అటూ ఇటూ తిరిగేది. ఒకరోజు మీటింగులో మా మేనేజరు, "మీ వెనక ఎవరో ఉన్నట్టున్నారు" అంది. తిరిగి చూస్తే చేతినిండా మునక్కాయలతో పెద్దమ్మ. వంగి తెరలోకి చూసి, అందులో ఉన్న తొమ్మిదిమందినీ పరిశీలించి, "వీళ్లంతా టిఫిను తినిండారా?" అని అడిగింది. ఆ రోజు మీటింగులో ఇంకేమీ చర్చ జరగలేదు. ఎవరేం తిన్నారో వరసగా చెప్పారు.

తర్వాత పొడుగాటి కేబులు ఒకటి కొని, హాల్లోంచి వంటింట్లోంచి నా గది దాకా నేల మీద పరిచాను. రెండో రోజు మా ఆవిడ రసం గిన్నెతో వస్తూ దానికి కాలు తగిలి గడప మీద పడబోయింది. రసం పడింది, తను పడలేదు. "కాళ్లు విరిగి మా వార్డుకి వచ్చేవాళ్లని ఎలా జరిగిందని అడిగితే, ఇంట్లోనే అంటారు" అని చెప్పి, కేబులు చుట్టలా చుట్టి బీరువా మీద పెట్టేసింది. దాన్ని మళ్లీ కిందికి దించే ధైర్యం నాకు లేకపోయింది.

అప్పుడు ఆఫీసులో ఒకతను పవర్‌లైన్ అడాప్టర్ల గురించి చెప్పాడు. సబ్బుపెట్టెంత ఉండే రెండు డబ్బాలు. ఒకటి హాల్లో ప్లగ్గులో పెట్టి ఇంటర్నెట్ పెట్టెకు కలపాలి. రెండోది నా గదిలో ప్లగ్గులో పెట్టి ల్యాప్‌టాప్‌కు కలపాలి. మధ్యలో ఇంటి కరెంటు తీగలే ఇంటర్నెట్‌ను మోస్తాయి. గోడకు బొక్క అక్కర్లేదు, నేల మీద తీగ ఉండదు. మా ఇంటి కోసమే ఎవరో కూర్చుని కనిపెట్టినట్టు అనిపించింది. వెంటనే తెప్పించాను.

పెట్టాను. నా గదిలో డబ్బా మీద పచ్చగా వెలగాల్సిన దీపం ఎర్రగా వెలిగింది. పేజీ తెరుచుకోవడానికి పట్టిన సమయంలో కాఫీ కలుపుకుని తాగేశాను కూడా. ప్లగ్గులు మార్చి మార్చి చూస్తుంటే తలుపు దగ్గర పెదనాన్న కనిపించారు.

"ఏంది తంబి అది?"

చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నా వైర్లోనా? ఇంటర్నెట్టా?"

"అవును పెదనాన్నా. కరెంటు పోయే తీగలోనే అదీ పోతుంది. రెండూ కలవవు. గదిలో చేరాక ఈ డబ్బా వేరు చేసి తీసుకుంటుంది."

ఆయన అడాప్టరు తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. నచ్చినట్టే ఉంది. "మరి సరిగ్గా ఏల రాలేదు?" అన్నారు.

"తెలియడం లేదు. వైరింగు పాతదైతే ఇలా ఉండొచ్చని దీంతో వచ్చిన కాగితంలో రాశారు" అన్నాను. అనేశాక గాని ఏమన్నానో అర్థం కాలేదు.

"పాతదా?"

పెదనాన్న లేచి పైకి వెళ్లిపోయారు. నొచ్చుకున్నారనుకున్నాను. ఐదు నిమిషాల్లో కళ్లజోడు, జేబులో టెస్టరు, చంకలో అట్ట ఊడిపోయిన పొడుగు నోటుపుస్తకంతో దిగివచ్చారు. అందులో ఇల్లంతా ఉంది. గోడలు పెన్సిలుతో, తీగలు ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో, పక్కన అరవంలో చిన్న చిన్న అక్షరాలు. ఏ స్విచ్చుబోర్డు నుంచి తీగ ఎటు తిరిగి ఎక్కడ దిగుతుందో అంతా గీసి పెట్టుకున్నారు. ఆయన వేలు గీత మీద, చూపు గోడ మీద పెట్టి ఒక్కో గదీ నడిచారు. నేను వెనకే నడిచాను. స్నానాలగది దగ్గర గోడను చేత్తో తట్టి, "ఈడ ఒంపు ఉండాది" అన్నారు, పాత స్నేహితుడి గురించి చెబుతున్నట్టు.

నా గదికి వచ్చేసరికి ఆగిపోయారు. పుస్తకంలో పేజీ తిప్పి, నుదురు కొట్టుకున్నారు.

"ఈ రూము తరవాత కట్టినాం కదా! బోరు మోటరు వేస్తే లైట్లు మసకబారతా ఉండె. అందుకని దీన్ని బ్లూ ఫేజుకు మార్చినా. హాలు రెడ్డు ఫేజు. మెయిన్ బోర్డులో మూడు ఫేజులూ మూడు దార్లు తంబి. నీ ఇంటర్నెట్టు ఒక దార్లో నడిచి వస్తా ఉంటే నువ్వు ఇంకో దార్లో నిలబడుకుని అది రాలేదంటా ఉండావు."

మెయిన్ ఆపేశారు. పైనుంచి పెద్దమ్మ కేక వినబడింది, "నా మిక్సీ నిలిచిపోయె!" పెదనాన్న టెస్టరు పెట్టి తీగలో కరెంటు లేదని చూసుకున్నారు. చెప్పులు వేసుకుని, చెక్క పలక మీద నిలబడి, నా గది తీగను రెడ్డు ఫేజుకు మార్చారు. పది నిమిషాల పని. మెయిన్ వేశారు. నా గదిలో దీపం పచ్చగా వెలిగింది. ఇంటర్నెట్ హాల్లో ఎంత వేగంగా ఉందో ఇక్కడా దాదాపు అంతే ఉంది.

పెదనాన్న ఆ దీపం ముందు వంగి చాలాసేపు చూశారు. "వైరింగులో దోషం లేదు" అన్నారు చివరికి. నాతో ఒకసారి, సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన మా ఆవిడతో ఒకసారి, మరుసటి రోజు పాలవాడితో ఒకసారి.

సోమవారం పదింటికి తలుపు వేసుకుని మీటింగులో కూర్చున్నాను. పది ఇరవైకి నోరు తెరిచి మాట్లాడుతున్నవాణ్ణి అలాగే బిగుసుకుపోయానట. ఎవరో దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. మంగళవారమూ అదే వేళకు పోయింది. బుధవారమూ అంతే. మధ్యాహ్నానికి దానంతట అదే బాగయ్యేది. చెవులు రిక్కించి వింటే, ఆ వేళకు పైన పెద్దమ్మ గ్రైండరు తిరుగుతోంది.

పెదనాన్నకు చెప్పాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గ్రైండరే. అంత మోటరు తిరిగితే లైనులో గలాటా వస్తాది. నాకు ముందే తెలుసు."

పెద్దమ్మను పిలిచి తీర్పు చెప్పారు. ఆవిడ చేతికి అంటుకున్న పిండితోనే కిందికి వచ్చింది.

"అంటే ఏంది నాయినా, నీ ఇంటర్నెట్టు వచ్చి నా పిండిలో కలిసిపోతా ఉండాదా?"

"పిండిలో కాదు పెద్దమ్మా..."

"ఇడ్లీలో దారాలు దారాలుగా వస్తాదా?"

పెదనాన్న ఫేజులూ మోటర్లూ వివరించబోయారు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "సరి. నాయిన ఉద్యోగం పోకూడదు. నేను మూడు గంటలకు రుబ్బుకుంటా" అంది. పప్పు నానబెట్టే వేళ మారింది, ఆవిడ మధ్యాహ్నం కునుకు పోయింది. నాకు సిగ్గేసింది. ఆ వారమంతా వాళ్లింట్లో ఇడ్లీలు ఎలా వచ్చాయో అడగలేదు.

మర్నాడు పది ఇరవైకి మళ్లీ లైను పోయింది. పైన గ్రైండరు చప్పుడు లేదు. అయినా పెదనాన్న ఒప్పుకోలేదు. "మిక్సీ వేసి ఉంటాది. అడిగితే లేదంటాది" అన్నారు. ఆ మాట మెట్ల మీదుగా పైకి చేరింది.

ఆ తర్వాతి రోజు పది కొట్టేసరికి పెద్దమ్మ ఒక ప్లాస్టిక్ కుర్చీ మోసుకుని నా గదికి వచ్చింది. తలుపు పక్కన వేసుకుని కూర్చుంది.

"నేను ఈడనే కూర్చుంటా. గ్రైండరు పైన ఉండాది, మిక్సీ పైన ఉండాది, నేను ఈడ ఉండాను. ఇప్పుడు పోనీ, చూద్దాం."

మీటింగు మొదలైంది. నా వంతు రావడానికి ఇంకా టైముంది. ఆ రోజు చూపించాల్సిన రెండో తరగతి పాఠం తెర మీద తెరిచి పెట్టుకున్నాను. పెద్దమ్మ కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది.

"ఇదా తెలుగు? ఇంత గుండ్రంగా ఉండాదే!" అంది నెమ్మదిగా.

నేను ఆశ్చర్యపోయాను. పుట్టినప్పటి నుంచీ ఆ భాషే మాట్లాడుతున్న మనిషి. బళ్లో నేర్చుకున్నది అరవం, ఇంట్లో ఎవరూ తెలుగు రాసేవాళ్లు కాదట. "ఏం రాసిండాది? చదువు" అంది. మైకు ఆపి చదివాను. పొలంలో ఏయే పంటలు పండుతాయో చెప్పే నాలుగు వాక్యాల పాఠం. ఆవిడ తలూపుతూ విని, బొమ్మ వైపు వేలు చూపించింది.

"ఇది ఏం చెట్టు?"

"వేరుశనగ, పెద్దమ్మా."

"మల్లాటనా?" అంటూ కళ్లు చికిలించి తెర దగ్గరకు వంగింది. మల్లాట అంటే వేరుశనగకు ఆ పక్క మాట. "మల్లాట కొమ్మకు కాస్తా ఉండాదే! ఏంది నాయినా ఇది? భూమిలో కదా ఉండేది? మా నాయిన పొలంలో పెరికి పెరికి నా చేతి ఏళ్లు పగిలిపోయె. వీళ్లు మామిడికాయలు మాదిరి వేలాడదీసిండారు!"

చూశాను. నిజమే. ఆకుల మధ్య, కొమ్మలకు గుత్తులు గుత్తులుగా వేరుశనగకాయలు. ఆ పేజీని నాకన్నా ముందు ముగ్గురు చూసి సరే అన్నారు. నిన్న సాయంత్రం నేనూ సరే అన్నాను. వాక్యంలో కామా ఎక్కడ ఉండాలో పావుగంట ఆలోచించాను గాని, బొమ్మ వంక చూడలేదు.

మీటింగులో నా పేరు పిలిచారు. మైకు వేసి నోరు తెరిచాను. లైను పోయింది.

పెద్దమ్మ గోడ గడియారం చూసింది. పది ఇరవై. చూపుడువేలు పైకెత్తి, నన్ను కదలొద్దన్నట్టు సైగ చేసి, హాలు మీదుగా వరండాలోకి నడిచింది. నేను ఆగలేక వెనకే వెళ్లాను.

వరండాలో పెదనాన్న ఉన్నారు. రోజూ తొమ్మిదిన్నరకు తన బ్యాటరీ స్కూటరు మీద వెళ్లి, స్నేహితులతో కాఫీ తాగి, అప్పుడే తిరిగివస్తారు. తలకు ఇంకా హెల్మెట్ ఉంది. స్కూటరుకు ఛార్జరు తగిలించి, దాని ప్లగ్గు గోడకు పెట్టి, స్విచ్చు మీద నుంచి చెయ్యి తీస్తున్నారు.

పెద్దమ్మ నేరుగా వెళ్లి స్విచ్చు ఆపేసింది.

"నాయినా, వచ్చెనా?"

గదిలోకి పరుగెత్తాను. పచ్చ దీపం. "వచ్చింది పెద్దమ్మా!"

స్విచ్చు వేసింది. "ఇప్పుడు?"

"పోయింది!"

ఆపింది. "ఇప్పుడు?"

"వచ్చింది!"

మూడోసారి చెయ్యనక్కర్లేదు. ఆవిడ చేసింది, నాలుగోసారి కూడా చేసింది. నేను వరండాలోకి తిరిగొచ్చేసరికి నడుము మీద చేతులు పెట్టుకుని పెదనాన్న ఎదురుగా నిలబడి ఉంది.

"నా గ్రైండరును మూడు గంటలకు తరిమితిరి. దొంగ యాడ ఉండాడు ఇప్పుడు?"

"అది... కాఫీ తాగొచ్చే వేళ, నీ గ్రైండరు వేళ ఒకటే అయిపోయినాది" అన్నారు పెదనాన్న హెల్మెట్‌లోంచి.

"నిన్న నేను మిక్సీ వేసి లేదన్నానంటిరి."

ఆయన హెల్మెట్ తీశారు. తీశాక ఏం చెయ్యాలో తెలియక మళ్లీ పెట్టుకోబోయారు. నేను మీటింగు ఉందని చెప్పి లోపలికి వచ్చేశాను. నా వంతు ఇంకా అయిపోలేదు. రెండో తరగతి నాలుగో పాఠంలో వేరుశనగ కొమ్మలకు కాస్తోందని చెప్పాను. కాసేపు తొమ్మిది ముఖాలూ బిగుసుకుపోయాయి. మళ్లీ లైను పోయిందేమోనని దీపం వంక చూశాను. పచ్చగానే ఉంది.

మధ్యాహ్నం పెదనాన్న ఆ ఛార్జరు విప్పి నా బల్ల మీద పరిచారు. కిందటి వానాకాలంలో స్కూటరుతో వచ్చిన ఛార్జరులోకి నీళ్లు పోయి పాడైతే, ఎవరో చెప్పారని ఏదో కొట్లో ఒక నకిలీది కొన్నారట. లోపల ఒక చోట స్క్రూడ్రైవరు మొన పెట్టి చూపించారు. "ఈడ ఫిల్టరు ఉండాల. చూడు, సుమ్మా ఖాళీగా వదిలేసిండారు. లోపల పుట్టే గలాటా అంతా తెచ్చి నా వైర్లో పోస్తా ఉండాది." ఆయన గొంతులో కోపంతో పాటు ఊరట కూడా ఉంది. తప్పు బయటినుంచి వచ్చింది. గోడల్లో ఉన్నది పచ్చ దీపానికి తగినదే.

వారంలోపే సరైన ఛార్జరు తెచ్చుకున్నారు. గ్రైండరు తన పాత వేళకు తిరిగొచ్చింది. అది పైన గడగడా తిరుగుతుంటే కింద నేను ఏ ఇబ్బందీ లేకుండా మాట్లాడేవాణ్ణి. పెద్దమ్మకు క్షమాపణ చెప్పారో లేదో నాకు తెలియదు. ఆ ఆదివారం మాత్రం పెదనాన్న స్వయంగా గ్రైండరు రాయి ఎత్తి కడుగుతుండగా చూశానని మా ఆవిడ చెప్పింది.

పెద్దమ్మ ప్లాస్టిక్ కుర్చీ నా గదిలోనే ఉండిపోయింది. వారానికి రెండు మూడు రోజులు పిండి ఎత్తేశాక వచ్చి కూర్చునేది. "ఈ పొద్దు ఏం పాఠం?" అనేది. అక్షరాలు నేర్పిస్తానన్నాను. "నాకెందుకు నాయినా? నువ్వు చదువు, నేను వింటా" అంది. విని, బొమ్మ చూసి, తోచింది చెప్పేది. ఆవు పాలు పితికే బొమ్మలో దూడ లేదంది. వరి నాటే బొమ్మలో ఆడవాళ్లు ముందుకు నడుస్తున్నారు, వెనక్కి కదా నడవాల్సింది అంది. మా మేనేజరు ఒకరోజు, "మీకు వ్యవసాయం ఇంత బాగా తెలుసని నాకు తెలియదు" అంది. నాకు తెలియదనీ, మునక్కాయలతో ఒకసారి మీటింగుకు వచ్చినావిడకు తెలుసుననీ చెప్పాను.

ఇదంతా పైన భోజనాల దగ్గర పెదనాన్న చెవిన పడుతూనే ఉంది. ఒకరోజు ఏదో పనున్నట్టు వచ్చి, అడాప్టరు వంక ఒకసారి చూసి, "మీ పుస్తకాల్లో కరెంటు గురించి ఉండదా?" అని అడిగారు.

ఐదో తరగతిలో ఉంది. ఇంట్లో దీపం ఎలా వెలుగుతుందో చూపించే బొమ్మ. తెరిచి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, తెర మీద తీగల వెంట వేలు పోనిచ్చారు. వేలు స్విచ్చు దగ్గర ఆగింది.

"న్యూట్రల్ తీగలో పెట్టిండారు స్విచ్చు!" అన్నారు. "ఇట్ల పెడితే స్విచ్చు ఆపినా హోల్డర్లో కరెంటు ఉంటాది. బల్బు మారుస్తానని ఎవడన్నా చెయ్యి పెడితే? చిన్నపిల్లోళ్లకు నేర్పించేది ఇదా?"

పైకి వెళ్లి నోటుపుస్తకం తెచ్చి, ఖాళీ పేజీలో స్కేలు పెట్టి సరైన బొమ్మ గీశారు. ఫేజు ఎరుపు, న్యూట్రల్ నలుపు. ఫోటో తీసి ఆఫీసుకు పంపాను. మూడు రోజులకు చిత్రకారుడు అచ్చం అలాగే మార్చి పంపాడు. చూపిస్తే పెదనాన్న ఒక్కో గీతనూ తన గీతతో పోల్చుకున్నారు.

"కింద ఎవరు గీసిందని వేస్తారా?"

"వెయ్యరు పెదనాన్నా."

"వద్దులే. కరెక్టుగా ఉండాది కదా" అని లేచారు. మెట్లు ఎక్కుతూ మాత్రం వీధి వీధంతా వినేలా అరిచారు, "ఏమే, నేను గీసింది పుస్తకంలో వస్తా ఉండాది!"

పైనుంచి పెద్దమ్మ గొంతు తాపీగా వచ్చింది.

"నాది రెండో తరగతిలోనే వచ్చేసినాది. మీరు ఇప్పుడా ఐదుకు వస్తా ఉండారు?"